కొవ్వొత్తి దగ్గర కోస్త్యా, కాటి దగ్గర లోహితుడు

నటుల జీవిత చరిత్రల్లో ఒక మాట దాదాపు తప్పకుండా కనిపిస్తుంది: చిన్నప్పటి నుంచీ ఊహల్లో తేలిపోయేవాడు అని. పేజీ తిప్పితే అతను ముఖానికి రంగు వేసుకుని వేదిక మీద నిలబడి ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఊహల్లో తేలిపోయే పిల్లలు లేని వీధి మన దేశంలో లేదు. చీపురుకట్ట ఎక్కి స్వారీ చేసేవాళ్ళు, అమ్మ చీర చుట్టుకుని రాణి అయిపోయేవాళ్ళు, గోడకి పాఠం చెప్పి బెత్తం ఝళిపించేవాళ్ళు మనకందరికీ తెలుసు. వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక బ్యాంకుల్లోనో ఆసుపత్రుల్లోనో హాయిగా పనిచేసుకుంటారు. ఏ కొద్దిమందిలోనో ఆ ఊహ చల్లారదు, ప్రదర్శన మీద ప్రేమగా మారుతుంది. ఆ మార్పు ఎక్కడ జరుగుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నతో నేను ఎప్పుడూ రెండు చోట్లకి వెళతాను. ఒకటి మన సురభి. రెండోది మాస్కోకి దగ్గర్లో, క్ల్యాజ్మా నది ఒడ్డున ఉన్న ల్యుబిమోవ్‌కా అనే ఎస్టేటు. సురభి గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడిన నాటి నుంచి నేటి వరకు ఒకే వంశం, శాఖోపశాఖలుగా, తరం తర్వాత తరం నాటకమే బతుకుగా నడిపించుకొస్తున్న కథ అది. ల్యుబిమోవ్‌కా సంగతి మాత్రం కాస్త చెప్పాలి. బంగారు, వెండి జలతారు దారం తయారుచేసే కర్మాగారాల యజమానులు అలెక్సేయెవ్ కుటుంబం వారు. ఆ ఇంట్లో 1863లో కాన్‌స్టంటిన్ పుట్టాడు. ఇంట్లో ముద్దుపేరు కోస్త్యా. వేసవి వస్తే కుటుంబమంతా ల్యుబిమోవ్‌కాకి తరలిపోయేది. ప్రపంచమంతటా నటన నేర్చుకునేవాళ్ళు స్టానిస్లావ్‌స్కీ అని చెప్పుకునే మనిషి ఈ కోస్త్యానే.

తన అరవయ్యో ఏట, అమెరికా పర్యటన రోజుల్లో, ఆయన ‘నా కళా జీవితం’ రాశాడు. 1924లో అది ముందు ఇంగ్లీషులోనే వచ్చింది. అందులో తన మొట్టమొదటి వేషం గురించి ఒక ఘట్టం ఉంది. అప్పుడు వయసు రెండో మూడో. ఎస్టేటులోని పాత కట్టడంలో నాలుగు ఋతువుల దృశ్యం కట్టారు. కోస్త్యాకి శీతకాలం వేషం. బొచ్చుకోటు, తలకి టోపీ, దూదితో చేసిన తెల్లని పొడుగు గడ్డం. ఆ గడ్డం మాటిమాటికీ పైకి జరిగిపోతోంది. తెర లేచింది. ఎక్కడ చూడాలో తెలియదు, చేతులు ఏం చేసుకోవాలో తెలియదు. ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చోవడంలోని సిగ్గు, ఇబ్బంది తనకి జీవితాంతం గుర్తుండిపోయాయంటాడు. తర్వాత అతని చేతికి ఒక పుల్ల ఇచ్చారు. ఎదురుగా నాలుగు చితుకుల మధ్య కొవ్వొత్తి వెలుగుతోంది, అదే నెగడు. పుల్లని మంటలో పెట్టినట్టు నటించాలి, నిజంగా పెట్టకూడదు అని ముందే గట్టిగా చెప్పారు. మంట ఎదురుగా ఉంటే, చేతిలో పుల్ల ఉంటే, పెట్టకపోవడం ఏమిటో ఆ పసివాడికి అర్థం కాలేదు. పెట్టేశాడు. దూది అంటుకుంది. గందరగోళం, కేకలు. ఎవరో ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తారు, వాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను తెలియని తెలుగువాడు ఉండడు. పాము కరిచి చనిపోయిన లోహితుడు చంద్రమతి ఒడిలో ఉంటాడు. ఆమె రాగం తీసి పద్యం పాడుతుంది. ఒన్స్ మోర్ అంటే మళ్ళీ పాడుతుంది. పిల్లవాడికి చేయాల్సిన పని ఒక్కటే, కదలకూడదు. దోమ కుట్టినా, పెట్రోమాక్స్ వెలుగు మూసిన రెప్పల మీద పడుతున్నా, తల్లి కన్నీటి చుక్క మెడ మీద పడి కిందికి జారుతున్నా కదలకూడదు. సురభి లాంటి సమాజాల్లో ఆ చంద్రమతి చాలాసార్లు వాడి సొంత తల్లే, కాకపోతే మేనత్త. పద్యం సాగినంతసేపూ వాడు ఊపిరి కూడా పొట్ట పైకి తేలకుండా చూసుకోవాలి. ఎదురుగా వందల మంది ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు వాడికి వినిపిస్తూ ఉంటుంది.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెడితే మొదట కంటికి ఆనేది తేడా. కోస్త్యాకి మొదట ఏ పనీ ఇవ్వలేదు, అందుకే సిగ్గుపడ్డాడు. సురభి పిల్లవాడికి కదలకపోవడమే పనిగా ఇచ్చారు, అందుకే వాడికి సిగ్గు లేదు. అయితే కాసేపు ఆగి చూస్తే చుట్టరికం బయటపడుతుంది. ఇద్దరూ కోరుకున్నది ఒకటే, వేదిక మీద తాము ఉన్నందుకు ఒక కారణం. అది కోస్త్యాకి దొరకలేదు కనుక తనే సృష్టించుకున్నాడు, ఇల్లు తగలబెట్టినంత పని చేశాడు. లోహితుడికి అది కథలోనే సిద్ధంగా ఉంది. నేను కదిలితే అమ్మ ఏడుపు అబద్ధమైపోతుంది అన్న జ్ఞానం అయిదేళ్ళ వయసులో కలగడం మామూలు విషయం కాదు.

పౌరాణిక నాటకాల్లో ఒక సదుపాయం ఉంది. సురభి దాన్ని వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదనిపిస్తుంది. మన కథల్లో ప్రతి వయసుకీ ఒక వేషం ఉంది. పొత్తిళ్ళ బిడ్డ అయితే బుట్టలో యమున దాటే కృష్ణుడు. మాటలు వస్తే వెన్నదొంగ. పద్యం నోటికి పడితే లోహితుడు, ప్రహ్లాదుడు. అన్నదమ్ములు ఇద్దరుంటే లవకుశులు. మీసం వచ్చేసరికి అభిమన్యుడు. ఆడపిల్ల అయితే శశిరేఖ ఎదురుచూస్తూ ఉంటుంది. సురభి కమలాబాయి చిన్నతనంలో ఇలాంటి బాలపాత్రలు వేస్తూ పెరిగినావిడే. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా తెర మీదికి వచ్చేనాటికి ఆమె వేదికకి కొత్త కాదు. అసలు ఆమె పుట్టుకే వేదిక మీద జరిగిందంటారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చాయనీ, తెర దించేలోగా బిడ్డ పుట్టిందనీ, జనం అది కూడా నాటకమే అనుకున్నారనీ సురభి కుటుంబాల్లో చెప్పుకుంటారు. పిల్ల ఎదుగుదలని గోడ మీద గీతలతో కాక వేషాలతో కొలిచే ఇల్లు అది.

కోస్త్యా ఇంట్లో అలాంటి మెట్ల వరస లేదు. అతనికి ఉన్నది చూసే భాగ్యం. బొల్షోయ్ థియేటర్‌లో కుటుంబానికి బాల్కనీ గది, ఇటాలియన్ ఒపెరాలు, బ్యాలేలు, వీటన్నిటికీ మించి సర్కస్. గుర్రాల మీద విన్యాసాలు చేసే ఒక యువతి ఆట ముగిశాక పరుగున వెళ్ళి ఆమె గౌను అంచుని ముద్దుపెట్టుకున్నానని రాసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి పరవశం అది. దూరం వల్ల పుట్టిన పరవశం. సురభి పిల్లవాడికి ఆ దూరం తెలియదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళుతుంటే ముందు వరుసలో పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తారు. తెర పక్కన నిలబడిన పిల్లవాడికి నల్లటి వెనకతెర ముందు కనిపించని సన్నని నల్లదారం కనిపిస్తుంది, ఆ దారం లాగుతున్న బాబాయి కనిపిస్తాడు. మేఘాల్లోంచి దిగే నారదుణ్ణి కప్పీ మీద దించుతున్నది ఎవరో, తాడు ఒక్కసారి జారితే ఏమవుతుందో వాడికి తెలుసు.

మామూలుగా మనం అనుకునేదేమిటంటే, గుట్టు తెలిసిపోతే అద్భుతం పోతుందని. సురభి ఈ అభిప్రాయాన్ని వందేళ్ళకు పైగా తప్పని రుజువు చేస్తూనే ఉంది. గుట్టు తెలిసిన పిల్లవాడికి అద్భుతం పోలేదు, చోటు మారింది. ఎగిరే లడ్డూలో ఉన్న అద్భుతం, ఆ లడ్డూని చూసి గుక్క తిప్పుకోకుండా నవ్వే జనంలోకి జరిగింది. ఎదుటి బాలుడు వేదిక వైపు చూసి ఆశ్చర్యపోతే, పక్క తెర చాటు బాలుడు జనం వైపు చూసి ఆశ్చర్యపోతాడు. ప్రదర్శన మీద ప్రేమ ఈ రెండు చూపుల్లో దేనివల్లైనా పుట్టగలదు. దేనికి దాని రుచి ఉంది. ఒకటి గొప్పదనీ రెండోది తక్కువదనీ చెప్పడానికి నాకు మనసొప్పదు.

సర్కస్ చూసిన కోస్త్యా ఊరుకోలేదు. ఇంట్లోనే సర్కస్ పెట్టాడు, దానికి తన పేరే పెట్టుకున్నాడు, డైరెక్టర్ కూడా తనే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, స్నేహితులు ఆటగాళ్ళు. వాయిద్యం వాయించగలిగినవాడు అన్న ఒక్కడే. ఆ అన్నకి ఈ సర్కస్ అంటే లెక్క లేదు. మంచి పట్టులో ఉండగా ఉన్నట్టుండి వాయించడం ఆపేసి, నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు పైకెత్తి, ఇక వాయించనని అరిచేవాడట. చాక్లెట్ ఇస్తే మళ్ళీ లేచేవాడు. కానీ అప్పటికే ఆట చెడిపోయేది. ఇది ఆటే కదా, పోనీలే అని కోస్త్యా అనుకోలేకపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన బాధ ఏమిటంటే, దాంతో ఆటలోని నిజం పోయిందని. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. ఊహలు ఆ అన్నకీ ఉండి ఉంటాయి, ఒకవేళ తమ్ముడికన్నా ఎక్కువే ఉండి ఉంటాయి. తమ్ముడికి ఉన్నదీ అన్నకి లేనిదీ వేరే ఒకటి, కల్పించుకున్నది కల్పన అని తెలిసీ దాన్ని నిజంగా పాటించాలన్న పట్టుదల.

ఆ పట్టుదల సురభి పిల్లవాడికి ఎవరిచ్చారు? ఆకలి ఇచ్చింది. ఇది అందంగా చెప్పాల్సిన విషయం కాదు. టికెట్లు తెగితేనే రేపటి బియ్యం. వాన పడితే డేరా తడుస్తుంది, ఆట ఆగుతుంది, పొయ్యి వెలగదు. మధ్యలో వెల్లకిలా పడుకుని ఆడనని అరిచే హక్కు అక్కడ ఏ పిల్లవాడికీ లేదు, చాక్లెట్ ఇచ్చే స్థోమత ఏ తండ్రికీ లేదు. కోస్త్యాకి ఆట నిజం కావడం ఒక తపన అయితే, సురభిలో అది ఇంటి అవసరం. ఊరూరా డేరా మోసుకు తిరిగే కుటుంబాల్లో ఎందరి చదువులు మధ్యలో ఆగిపోయాయో, ఎందరు ఇష్టం ఉండీ లేకా రంగు పూసుకున్నారో కూడా మనం మర్చిపోకూడదు. సురభిని పొగిడే వ్యాసాలు సాధారణంగా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి. ప్రేమించడానికి కాస్త తీరిక ఉండాలి. అది లేని చోట కూడా ఇంత ప్రేమ ఎలా పుట్టిందన్నదే సురభి మన ముందు పెట్టే అసలు ప్రశ్న.

డబ్బు ఉన్నచోట మరో రకం అడ్డు ఉంది. అలెక్సేయెవ్ దంపతులకి కళలంటే ఇష్టమే. 1877లో తండ్రి ల్యుబిమోవ్‌కాలో చక్కని రంగశాల కట్టించి ఇచ్చాడు కూడా. అందులో పిల్లలు మొదలుపెట్టిన అలెక్సేయెవ్ సమాజంలో ఇంటి ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ వేషాలు వేశారు. కానీ అది ఇంటి వినోదంగా ఉన్నంతవరకే మర్యాద. కర్మాగారాల వారసుడు బయట ఎక్కడో చవకబారు ప్రహసనాల్లో కనిపిస్తే పరువు తక్కువ. అందుకే అతను స్టానిస్లావ్‌స్కీ అన్న వేరే నటుడి పేరు తగిలించుకుని అసలు పేరు దాచుకున్నాడు. ఇక్కడ సురభివాళ్ళు తమ ఇంటి పేర్లు పక్కన పెట్టి, మొదటి నాటకం ఆడిన ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. కమలాబాయి సురభి కమలాబాయి అయింది, 2013లో పద్మశ్రీ అందుకున్న నాగేశ్వరరావు సురభి నాగేశ్వరరావు అయ్యారు. ఒకరు వేదిక ఎక్కడానికి ఇంటిపేరు దాచారు, ఒకరికి వేదికే ఇంటిపేరు ఇచ్చింది.

రెండు వైపులా బొమ్మలు ఉన్నాయన్న సంగతి చాలామంది పట్టించుకోరు. నాకు మాత్రం ఈ పోలిక మొదలైందే అక్కడ. సర్కస్ అన్నగారి వల్ల చెడిపోయాక కోస్త్యా మనుషులని వదిలేసి బొమ్మల నాటకానికి వెళ్ళాడు. బొమ్మలు మధ్యలో అలిగి పడుకోవు కదా. అట్టముక్కలతో నటులు, రంగులు పూసిన దృశ్యాలు. వాళ్ళు ఎంచుకున్న ఘట్టాలన్నీ ప్రళయాలే. ప్రశాంతమైన సముద్రం, ఆ తర్వాత తుఫాను, ఓడ మునగడం, ఈదుకుంటూ వచ్చే వీరులు, చంద్రోదయం. ఇంకోసారి డాన్ హువాన్ నరకంలో పడే దృశ్యం, నేల మాళిగలోంచి మంటలు, పొగ. ఆ మంటల్లో వాళ్ళ సెట్టు ఒకటికి రెండుసార్లు నిజంగానే కాలిపోయింది. శీతకాలం వేషంలో మొదలైన నిప్పు సరదా వదల్లేదన్నమాట.

సురభి పూర్వీకుల ప్రయాణం దీనికి సరిగ్గా ఎదురు దిశలో సాగింది. వాళ్ళు తోలుబొమ్మలాడించిన మరాఠీ కుటుంబాలు. ఇంట్లో ఇప్పటికీ మరాఠీ యాస, వేదిక మీద నిక్కమైన తెలుగు పద్యం. తెల్లటి తెర, దాని వెనక దీపం, తెర మీద తోలుబొమ్మల రంగుల నీడ. ఒకే మనిషి రాముడికీ రావణుడికీ గొంతు మార్చి పాడతాడు, యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కలు టపటపలాడిస్తాడు, జనం కునికిపాట్లు పడితే బంగారక్కనీ జుట్టుపోలిగాణ్ణీ తెర మీదికి తోలుతాడు. అక్కడి నుంచి మనుషుల నాటకానికి రావడమంటే మామూలు మార్పు కాదు. తోలుబొమ్మ హనుమంతుడికి సముద్రం దాటడం ఎంతసేపు? చెయ్యి పైకెత్తితే చాలు. మనిషి హనుమంతుడు బరువుగా ఉంటాడు, నేలని వదలడు. బొమ్మలకి ఉన్న ఆ గాలి స్వేచ్ఛని వదులుకోలేకే సురభివాళ్ళు తాళ్ళూ కప్పీలూ దారాలూ పట్టుకున్నారని నా నమ్మకం. గాల్లో ఢీకొనే బాణాలు, మంటలు, మబ్బుల్లో నారదుడు, ఇవన్నీ ట్రిక్కులని తేలిగ్గా తీసిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించను. అవి తోలుబొమ్మల బాల్యం మనుషుల నాటకంలో బతికి ఉన్న ఆనవాళ్ళు.

అదే విధంగా, కోస్త్యా అట్టబొమ్మల బాల్యం స్టానిస్లావ్‌స్కీని వదల్లేదు. 1898లో నెమిరోవిచ్-డాన్‌చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టి, చెహోవ్ నాటకాలతో వాస్తవికతకి పెట్టింది పేరైన తర్వాత, ఆయన 1908లో మేటర్‌లింక్ ‘నీలి పిట్ట’ ఆడించాడు. ఇద్దరు పిల్లలు కలలో లోకమంతా తిరుగుతూ ఒక పిట్టని వెతికే కథ అది. ఈ నాటకం పదేళ్ళ పిల్లవాడి ఊహ ఎంత స్వచ్ఛంగా ఉంటుందో అంత స్వచ్ఛంగా ఉండాలని ఆయన తన నటులకి చెప్పాడు. దాని మాయల కోసం వెతుకుతున్నప్పుడే నల్ల మఖమలు సంగతి ఆయనకి అనుకోకుండా తట్టింది. నల్లటి వెనకతెర ముందు నల్లగుడ్డ కప్పిన వస్తువు ప్రేక్షకుడి కంటికి మాయమైపోతుంది. సురభి డేరాలో నల్ల పరదా, నల్లదారం ఆడించే లడ్డూకీ, మాస్కోలో మఖమలు మింగేసిన మనిషికీ సూత్రం ఒక్కటే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకరు సిద్ధాంతకర్త అనీ, ఇంకొకరు ట్రిక్కుల నాటకాలవాళ్ళనీ మనం వేర్వేరు అరల్లో పెట్టాం. పని చోట చూస్తే వాళ్ళు దాయాదుల్లా కనిపిస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. సురభిది అనుకరణ కదా, తాత వేసినట్టు తండ్రి, తండ్రి వేసినట్టు కొడుకు, ఇందులో ఊహకి చోటేది అని. రష్యన్ గురువు లోపలి నిజం గురించి మాట్లాడాడు కాబట్టి ఆయనది ఊహ, మనది ముద్ర అని. ఈ తూకం న్యాయంగా లేదు. 1877లో తన ఇంటి రంగశాల తెరిచిన రోజున పద్నాలుగేళ్ళ కోస్త్యా ఏం చేశాడో ఆయనే దాచుకోకుండా రాశాడు. మాలీ థియేటర్‌లో తనకి ఇష్టమైన ఒక హాస్యనటుణ్ణి గొంతుతో సహా అచ్చంగా దించేశాడు. లోపల ఆవేశం ఉప్పొంగిపోయింది, బ్రహ్మాండంగా చేశాననుకున్నాడు. తీరా చూస్తే మాటలు అంత వేగంగా, అంత బొంగురుగా పలికాడు కాబట్టి చూసినవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకి లోపల కలిగిన ఆనందానికీ ఎదుటివాడికి అందినదానికీ మధ్య ఉన్న ఆ అగాధాన్ని పూడ్చడానికే ఆయన మిగతా జీవితమంతా ఖర్చుపెట్టాడని చెప్పినా తప్పు లేదు.

సురభి పిల్లవాడూ అనుకరణతోనే మొదలవుతాడు. అయితే వాడి అగాధం అంత లోతుగా ఉండదు, ఎందుకంటే ప్రతి రాత్రీ జనం సరిదిద్దుతారు. పద్యం వినపడకపోతే వెనక బెంచీలవాళ్ళు అరుస్తారు. వినిపిస్తే చప్పట్లు. హార్మోనియం మీద ఉన్న పెద్దాయన శ్రుతి ఒక మెట్టు పైకి లాగి, అందుకోరా అన్నట్టు చూస్తాడు. ఏడాది తిరిగేసరికి వాడి ప్రహ్లాదుడు వాళ్ళ అన్న ప్రహ్లాదుడిలా ఉండడు. అదే పద్యం, అదే రాగం, అదే కిరీటం, అయినా వేరే పిల్లవాడు. కోస్త్యా పాఠం నోటుపుస్తకాల్లో రాసుకుని నెమ్మదిగా నేర్చుకున్నాడు. సురభి పిల్లవాడు ఒంటితో నేర్చుకున్నాడు. రాసుకున్నది లోకమంతటికీ చేరింది, ఒంటితో నేర్చుకున్నది వంశంలో ఉండిపోయింది. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు సురభి పక్షాన నిలబడి బాధపడాలనిపిస్తుంది. వాళ్ళ బాల్యాల గురించి వాళ్ళే పూనుకుని రాసిన పుస్తకాలు మనకి ఎన్ని ఉన్నాయి?

ఒక హెచ్చరిక కూడా అవసరం. స్టానిస్లావ్‌స్కీ బాల్యం మనకి అందింది అరవయ్యేళ్ళ పెద్దమనిషి కలం నుంచి. అప్పటికి ఆయనకి తన సిద్ధాంతం పూర్తిగా తెలుసు. మూడేళ్ళ పిల్లవాడు పుల్ల మంటలో పెట్టడంలో అర్థవంతమైన క్రియ అనే పాఠాన్ని చూసింది ఆ పిల్లవాడు కాదు, ఆ పెద్దమనిషి. కమలాబాయి వేదిక మీద పుట్టిన కథలో కూడా ఇలాంటిదే ఉంది. మా రక్తంలోనే నాటకం ఉంది అని ఒక వంశం తన గురించి తాను చెప్పుకున్న మాట అది. రెండూ నిజాలే కావచ్చు, కానీ రెండిటినీ పెద్దలే దిద్ది పేర్చారు. మన ప్రశ్నకి జవాబు ఈ కథల పైపై మెరుపులో కాక, వాటి అడుగున ఉన్న చిన్న చిన్న పనుల్లో వెతకాలి. పుల్ల పట్టుకున్న చెయ్యి, బిగపట్టిన ఊపిరి, దారం లాగే వేలు.

అలా వెతికితే నాకు తేలింది ఇది. ఊహ ఒక్కటే నటుణ్ణి చేయదు. ఊహలో పడి ఒంటరిగా తేలిపోయే పిల్లవాడు కవి కావచ్చు, లెక్కల మేష్టారూ కావచ్చు. తన ఊహకి ఒక కట్టుబాటు వచ్చిన రోజున, దాన్ని ఇంకొకరు చూస్తున్నారు కనుక చెడగొట్టకూడదన్న బాధ్యత వచ్చిన రోజున, ప్రదర్శన మీద ప్రేమ మొదలవుతుంది. ల్యుబిమోవ్‌కాలో ఆ కట్టుబాటు పిల్లవాడి లోపలి నుంచి వచ్చింది, అన్నగారి అల్లరి మీద కోపంగా వచ్చింది. సురభిలో అది బయటి నుంచి, తల్లి ఒడిలోంచి, వంటింట్లోంచి వచ్చింది. స్టానిస్లావ్‌స్కీ తర్వాతి కాలంలో నటులకి చెప్పిన మంత్రం ఒకటుంది: ‘ఇలా అయి ఉంటే?’ అని నిన్ను నువ్వు అడుగు, నిజాయితీగా జవాబు చెప్పుకో అని. సురభి తల్లి ఆ మాట ఎప్పుడూ అని ఉండదు. నువ్వు కదిలితే నేను ఏడవలేనురా అని మాత్రం చెప్పి ఉంటుంది. రెండు మాటల బరువూ సమానమే.

ఈ రెండు దారులూ కలిసిన మనిషి ఒకాయన మనకి దగ్గర్లోనే ఉన్నారు. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు. దూరం నుంచి చూసి మోహించిన బాలుడు, తెర వెనక పెరిగిన బాలుడు, ఇద్దరూ ఆయనలో ఉన్నారు. తర్వాత జాతీయ నాటక పాఠశాలకి డైరెక్టరయ్యారు. ఆయన సురభివాళ్ళతో కలిసి పనిచేసి, ‘భీష్మ’, ‘చండీప్రియ’లతో పాటు బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన ‘బస్తీ దేవత యాదమ్మ’ని ఆడించారు. పౌరాణికాల్లో పుట్టి పెరిగిన నటులు బ్రెహ్ట్‌ని మోయలేరని అనుకున్నవాళ్ళకి అది చాలినంత సమాధానం. అనుకరణ మాత్రమే తెలిసిన నటులైతే అది జరిగేది కాదు.

ఇప్పటి పిల్లల విషయానికొస్తే, బడి వార్షికోత్సవంలో రికార్డు పాటకి పెదవులు కదిపే అవకాశం అందరికీ ఉంది. ఎదురుగా ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు. లేనిదల్లా పని. పిల్లవాణ్ణి అందంగా నిలబెడుతున్నాం, వాడి చేతికి పుల్ల ఇవ్వడం లేదు. ఒక వాక్యం తప్పితే సీను పడిపోతుందని వాడికి తెలియనివ్వడం లేదు. మంట పెట్టించమని కాదు, ఆ సీను భారం కొంచెం వాడి భుజం మీద కూడా పెట్టమని అడుగుతున్నాను.

సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. హైదరాబాదు లింగంపల్లి దగ్గర వాళ్ళ కాలనీ ఉంది, ఊళ్ళలోనూ నగరాల్లోనూ ఇప్పటికీ ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ ఆడుతున్నారు. మీకు దగ్గర్లో ఆట ఉందని తెలిస్తే మీ పిల్లల్ని తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టండి, లడ్డూలు ఎగరడం తనివితీరా చూడనివ్వండి. ఆట అయ్యాక వాళ్ళని తెర వెనక్కి తీసుకెళ్ళి దారాలు చూపించమని అడగండి. మీరు మాత్రం వీలు చూసుకుని ‘నా కళా జీవితం’ మొదటి అధ్యాయాలు చదవండి.